సెరటోనిన్ తక్కువైతే డిప్రెషన్ వస్తుందా?

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. మొన్న ఫోన్లో మీలో ఒకరు అడిగారు: "తాతయ్యా, మెదడులో సెరటోనిన్ తక్కువైతే డిప్రెషన్ వస్తుందని ఒక వీడియోలో చెప్పారు. అదంతా అబద్ధమని ఇంకో వీడియోలో చెప్పారు. ఏది నిజం?" రెండు ముక్కల్లో తేలే జవాబు కాదిది. మెడికల్ కాలేజీలో ఫార్మకాలజీ (మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో చెప్పే శాస్త్రం) పాఠం చెప్పినవాణ్ణి కాబట్టి వివరంగా రాస్తున్నాను, తీరిగ్గా చదవండి.

మొదట ఒకటి తెలుసుకోవాలి. డిప్రెషన్ మందులు జబ్బుకి కారణం కనిపెట్టి, దాన్నిబట్టి తయారుచేసినవి కావు. మందు ముందు దొరికింది. కారణం కోసం వెతకడం ఆ తర్వాత మొదలైంది.

1952 ప్రాంతంలో న్యూయార్క్‌లోని స్టాటెన్ ఐలాండ్‌లో సీ వ్యూ అనే టీబీ ఆసుపత్రి ఉండేది. అక్కడి రోగులకు ఇప్రోనియాజిడ్ అనే కొత్త మందు ఇచ్చి చూశారు. నీరసించి మంచం పట్టినవాళ్లు లేచి తిరగడం, ఆకలేస్తోందని అడిగి మరీ తినడం, కబుర్లు చెప్పుకోవడం మొదలుపెట్టారు. వార్డులో వాళ్లు నాట్యం చేస్తున్న ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. సెరటోనిన్, నోరడ్రినలిన్ లాంటివి మెదడులో నాడీకణాలు ఒకదానికొకటి కబురు పంపుకునే రసాయనాలు. వాటిని విరగ్గొట్టే ఒక ఎంజైమును ఈ మందు ఆపుతుందని జెల్లర్ అనే శాస్త్రవేత్త అదే ఏడాది కనిపెట్టాడు. 1957లో నేథన్ క్లైన్ దీన్ని కుంగుబాటు ఉన్నవాళ్లకు ఇచ్చి, పనిచేస్తోందని చెప్పాడు. కొందరికి కాలేయం దెబ్బతినడంతో తర్వాత వాడకం మానేశారు.

ఇంచుమించు అదే కాలంలో స్విట్జర్లాండ్‌లోని మున్‌స్టర్‌లింగెన్ ఆసుపత్రిలో రోలాండ్ కూన్ అనే వైద్యుడు గైగీ కంపెనీ పంపిన ఒక పదార్థాన్ని స్కిజోఫ్రీనియా (లేనివి ఉన్నట్టు వినిపించే, అనిపించే తీవ్రమైన మానసిక జబ్బు) రోగుల మీద పరీక్షించాడు. ఆ జబ్బుకి అది పనికిరాలేదు. 1956లో డిప్రెషన్ ఉన్నవాళ్లకు ఇస్తే మాత్రం మార్పు కనిపించింది. అదే ఇమిప్రమిన్, ఈనాటికీ వాడుకలో ఉంది. అయితే ఆ ఆసుపత్రిలో చాలామంది రోగుల మీద, పిల్లల మీద కూడా, సరైన అనుమతి తీసుకోకుండా మందులు పరీక్షించారని ఆ ప్రాంత ప్రభుత్వమే చేయించిన పరిశోధనలో 2019లో బయటపడింది. మందు మంచిదే కావచ్చు, ఆ మనుషులకు జరిగింది అన్యాయం. ఈ రెండోది పాఠ్యపుస్తకాల్లో కనిపించదు, అందుకే మీకు చెబుతున్నాను.

ఇక మన దేశానికి వద్దాం. సర్పగంధ మొక్క వేరు మన వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. దానికి రక్తపోటును తగ్గించే గుణం ఉందని 1931లో కలకత్తాకు చెందిన సేన్, బోస్ రాశారు. 1949లో బొంబాయి డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ రాసిన వ్యాసంతో ప్రపంచమంతా ఆ వేరు వైపు చూసింది. దాన్నుంచి తీసిన రిసర్పిన్ మెదడులోని సెరటోనిన్‌ను ఖాళీ చేస్తుందని 1955లో అమెరికాలో బ్రోడీ బృందం చూపించింది. బీపీకి రిసర్పిన్ వాడుతున్న కొందరు దిగులులో పడ్డారన్న వార్తలు అప్పటికే వస్తున్నాయి. ఆ రసాయనాలను పెంచే మందు మనసును లేపుతోంది, ఖాళీ చేసే మందు కుంగదీస్తోంది. కాబట్టి డిప్రెషన్ అంటే ఆ రసాయనాల కొరతే అనుకున్నారు. 1965లో షిల్డ్‌క్రౌట్ నోరడ్రినలిన్ గురించీ, 1967లో కోపెన్ సెరటోనిన్ గురించీ ఇలాంటి వాదనే చేశారు.

చక్కగా అతికినట్టుంది కదూ? కానీ అదే 1955లో లండన్‌లో డేవీస్, షెపర్డ్ అనే ఇద్దరు వైద్యులు ఆందోళన, దిగులు ఉన్నవాళ్లకు రిసర్పిన్ ఇచ్చి చూస్తే వాళ్లకు నయంగా ఉంది! సిద్ధాంతానికి ఎదురు సాక్ష్యం మొదటి రోజుల్లోనే ఉంది. దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. అతికే సాక్ష్యాన్ని దగ్గర పెట్టుకుని, అతకనిదాన్ని పక్కకు నెట్టేయడం శాస్త్రవేత్తలకీ ఉన్న బలహీనతే.

నాడీకణం వదిలిన నోరడ్రినలిన్‌ను మళ్లీ తనే లోపలికి లాక్కుంటుందనీ, ఇమిప్రమిన్ ఆ లాక్కోవడాన్ని అడ్డుకుంటుందనీ 1961లో జూలియస్ ఆక్సెల్‌రాడ్ బృందం చూపించింది. ఇది గొప్ప పని. ఆక్సెల్‌రాడ్‌కు 1970లో నోబెల్ వచ్చింది. ఈ దారిలోనే ఎలై లిల్లీ కంపెనీ శాస్త్రవేత్తలు సెరటోనిన్ ఒక్కదాన్నే లాక్కోకుండా ఆపే ఫ్లూఆక్సెటిన్‌ను తయారుచేశారు. 1987 డిసెంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. ప్రొజాక్ పేరుతో ఊరూరా తెలిసింది. ఆ ప్రకటనలతో పాటే 'రసాయనాల అసమతుల్యత' అన్న మాట జనం నోళ్లలో పడింది.

నాకు కోపం తెప్పించేది ఇక్కడే. ఊహగా మొదలైనదాన్ని రుజువైన సత్యంలా అమ్మారు. తలనొప్పికి పారాసిటమాల్ వేసుకుంటే తగ్గుతుంది. అంతమాత్రాన ఒంట్లో పారాసిటమాల్ తక్కువై తలనొప్పి వచ్చిందని ఎవరూ అనరు కదా! పైగా ఈ మందులు సెరటోనిన్‌ను లాక్కోవడాన్ని కొన్ని గంటల్లోనే ఆపేస్తాయి, మనసు తేరుకోవడానికి మాత్రం రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. కొరతే కారణమైతే అన్ని వారాలు ఎందుకు? 2022లో లండన్‌లో మాంక్రీఫ్ బృందం పాత పరిశోధనలన్నీ ఒకచోట పెట్టి చూసి, డిప్రెషన్ ఉన్నవాళ్లలో సెరటోనిన్ తక్కువగా ఉందనడానికి నిలకడైన సాక్ష్యం లేదంది. రెండో వీడియో దాని గురించే అయి ఉంటుంది.

అయితే ఆ మాటను పట్టుకుని "మందులే మోసం" అనేవాళ్లు కూడా తప్పే చెబుతున్నారు. ఎందుకు పనిచేస్తోందన్నది ఒక ప్రశ్న, పనిచేస్తోందా అన్నది వేరే ప్రశ్న. 2018లో సిప్రియాని బృందం 522 ప్రయోగాలను, 1,16,477 మంది వివరాలను కలిపి చూసింది. పెద్దవాళ్లలో 21 మందులూ మందు లేని ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గానే పనిచేశాయి. సగటున ఆ తేడా మరీ పెద్దదేమీ కాదు. కొందరికి బాగా పనిచేస్తాయి, కొందరికి అసలు పనిచేయవు. ఎవరికి ఏది పడుతుందో ముందే చెప్పే రక్తపరీక్ష ఇప్పటికీ లేదు.

మరి ఆ వారాల ఆలస్యంలో మెదడులో ఏం జరుగుతోంది? యేల్ విశ్వవిద్యాలయంలో రోనాల్డ్ డ్యూమన్ ఎన్నో ఏళ్లు దీనిమీదే పనిచేశాడు. దీర్ఘకాలం ఒత్తిడిలో ఉంచిన జంతువుల్లో నాడీకణాల కొమ్మలు కుంచించుకుపోతాయి. మందులు వాడితే నాడీకణాల ఎదుగుదలకు తోడ్పడే బీడీఎన్ఎఫ్ అనే ప్రొటీన్ పెరుగుతుంది, హిప్పోక్యాంపస్ అనే భాగంలో కొత్త కణాలు పుడతాయి. అదే యేల్‌లో 2000లో మరో ఆశ్చర్యం జరిగింది. మత్తుమందుగా వాడే కెటమిన్‌ను ఏడుగురు రోగులకు తక్కువ మోతాదులో ఇస్తే వారాలు కాదు, కొన్ని గంటల్లోనే మార్పు మొదలైంది. అది మొదట తాకేది సెరటోనిన్‌ను కాదు, గ్లుటమేట్ అనే మరో కబురు రసాయనం వ్యవస్థను. దాని తోబుట్టువు ఎస్‌కెటమిన్‌కు 2019లో అనుమతి వచ్చింది. కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్‌కు, ప్రసవంతో ఒక్కసారిగా పడిపోయే ఒక హార్మోను ఆధారంగా చేసిన మందు కూడా అదే ఏడాది వచ్చింది. ఇన్ని దారులు పనిచేస్తున్నాయంటే, డిప్రెషన్ అన్న ఒక్క పేరు కింద రకరకాల జబ్బులు ఉన్నాయేమోనని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఒకప్పుడు 'డిప్రెషన్ జీను' అని పేరుపడ్డవి కొన్ని ఉండేవి. 2019లో లక్షలమంది డీఎన్ఏతో పోల్చి చూస్తే వాటికి ప్రత్యేకత ఏమీ లేదని తేలింది. వారసత్వం ఉంది కానీ అది వందలాది జీన్లలో చిన్నచిన్న ముక్కలుగా ఉంది. కాబట్టి "మా ఇంట్లో ఉంది, నాకూ తప్పదు" అనుకోవద్దు.

ఇక మీ వయసు సంగతి. పిల్లల్లో, టీనేజీలో ఈ మందుల గురించి జాగ్రత్త ఎక్కువ కావాలి. మొదటి వారాల్లో కొందరిలో చచ్చిపోవాలన్న ఆలోచనలు పెరగవచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2004లో మందుల సమాచార పత్రంలో గట్టి హెచ్చరిక వేయించింది. అందుకని భయపడి మందే వద్దనడం కాదు. మొదట్లో డాక్టరు తరచూ చూడాలి, ఇంట్లోవాళ్లకు తెలిసి ఉండాలి. బాగైపోయిందని హఠాత్తుగా మానేస్తే తల తిరగడం, చికాకు, నిద్ర పట్టకపోవడం రావచ్చు. డాక్టరుతో చెప్పి మెల్లగా తగ్గించుకోవాలి. స్నేహితుడి మాత్ర ఇంకొకరు వేసుకోవడం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. బైపోలార్ (కుంగుబాటు, ఉన్మాదం మారిమారి వచ్చే జబ్బు) ఉన్నవాళ్లకు ఈ మందు ఒక్కటే ఇస్తే ఉన్మాదం రేగవచ్చు. అది డాక్టరే పోల్చుకోవాలి.

మీకు గానీ, మీ క్లాసులో ఎవరికైనా గానీ రెండు వారాలకు పైగా దేనిమీదా ఆసక్తి లేక, నిద్ర, తిండి తప్పి, బతకడం ఎందుకనిపిస్తుంటే అమ్మకో నాన్నకో నాకో చెప్పండి. ఇంట్లో చెప్పలేకపోతే మానసిక ఆరోగ్య సాయానికి ప్రభుత్వ టెలి మానస్ ఫోన్ నంబరు 14416 ఉంది. ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఇంకా ప్రశ్నలుంటే రాసి పంపండి, తెలిసినంత చెబుతాను.

మీ తాతయ్య