కంకరదారులు, కార్బ్యురేటర్లు: పిల్లలకు ఉత్తరం

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్ళకు తాతయ్య ఆశీస్సులు.

కొత్త కార్లు ఇన్ని సౌకర్యాలతో వస్తుంటే యాభై ఏళ్ళు దాటిన డాడ్జి డార్టు కారును ఎందుకు అట్టిపెట్టుకున్నారని, తారురోడ్లు ఇంత నున్నగా ఉన్న దేశంలో సైకిలును కంకరదారి పట్టిస్తారెందుకని మీరు అడిగారు. ఇవి రెండు వేరువేరు ప్రశ్నలని మీరు అనుకుంటున్నారు గాని, నా జవాబు మాత్రం ఒక్కటే. బండి ఎలా నడుస్తోందో నడిపేవాడికి తెలిసి ఉండాలని నేను నమ్ముతాను. పాత అమెరికన్ కారు బోనెట్టు ఎత్తినా, కంకరదారి సైకిలును తలకిందులుగా నిలబెట్టినా, ప్రతి భాగమూ కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది.

అసలు అమెరికాలో మంచి రోడ్ల కోసం మొదట గట్టిగా గొంతెత్తినది కార్లవాళ్ళు కాదు, సైకిళ్ళవాళ్ళు. 1880లో రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని న్యూపోర్టులో లీగ్ ఆఫ్ అమెరికన్ వీల్‌మెన్ అనే సంఘం పుట్టింది. వానాకాలంలో బురదగుంటలుగా మారే పల్లెదారులను బాగుచేయాలని ఆ సంఘం ఏళ్ళ తరబడి ప్రభుత్వాల మీద ఒత్తిడి తెచ్చింది. ఆ తరువాత కారు కూడా సైకిలు దుకాణం నుంచే వచ్చింది. 1893లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డులో పెట్రోలు బండిని నడిపి చూపిన డ్యూరియా సోదరులు సైకిళ్ళ పనివాళ్ళు. 1896లో హెన్రీ ఫోర్డు తయారుచేసిన మొట్టమొదటి బండికి ఉన్నవి సైకిలు చక్రాలే.

1908లో వచ్చిన ఫోర్డు మోడల్ టి ఇప్పటి లెక్కలో చూస్తే కంకరదారి కారు. ఇరవై గుర్రాల బలం గల ఇంజను, నేలకు బాగా ఎత్తున నిలిచే శరీరం, గుంటలో చక్రం దిగితే విరగకుండా మెలితిరిగే చట్రం ఉన్నందువల్లనే అది రైతుల ఇళ్ళకు చేరింది. 1927 వరకు దాదాపు కోటీ యాభై లక్షల బండ్లు తయారయ్యాయి. దానిలో పెట్రోలును తోడే పంపు లేదు. సీటు కింది ట్యాంకు నుంచి ఇంధనం తన బరువుతోనే ఇంజనుకు దిగేది కాబట్టి, నిటారుగా ఉన్న గట్టు ఎక్కవలసి వస్తే, ట్యాంకులో పెట్రోలు తక్కువగా ఉన్నప్పుడు, బండిని వెనక్కి తిప్పి రివర్సు గేరులో ఎక్కించేవారు. ఎందుకలా చేసేవారో మీరు ఒక కాగితం మీద బొమ్మ గీసుకుని చూడండి, వెంటనే తెలిసిపోతుంది.

ఇక నేనుండే కాన్సాసు సంగతి. 1785 నాటి భూచట్టం పుణ్యమా అని ఇక్కడి నేలను మైలుకు మైలు చదరాలుగా కొలిచారు, ఆ చదరాల అంచుల వెంట దారులు వేశారు. వాటిలో చాలా దారులకు ఈనాటికీ తారు తగలలేదు. ఆ దారులు తిన్నగా సాగలేని చోటు ఫ్లింట్ హిల్స్ అనే గుట్టలు. అక్కడి సున్నపురాయి పొరల మధ్య చెకుముకిరాయి పలకలు నిండి ఉండడంతో నాగలి దిగలేదు. నాగలి దిగనందువల్లనే, మిగతాచోట్ల పొలాలైపోయిన ఎత్తుగడ్డి మైదానం అక్కడ మిగిలింది. ఒకప్పుడు అమెరికా నడుమభాగమంతా పరచుకున్న ఆ గడ్డిభూమిలో ఇప్పుడు మిగిలినది నాలుగు శాతం కన్నా తక్కువ, అందులోనూ ఎక్కువ భాగం ఈ గుట్టల్లోనే. అక్కడి ఎంపోరియా ఊరు నుంచి 2006లో కొద్దిమందితో మొదలైన రెండువందల మైళ్ళ పందెం ఇప్పుడు అన్‌బౌండ్ గ్రావెల్ పేరుతో ప్రపంచమంతటి నుంచీ సైకిలువాళ్ళను రప్పిస్తోంది. గడ్డిని కాపాడిన ఆ చెకుముకిరాయే సైకిలు టైరును పక్కనుంచి కత్తిలా కోస్తుంది.

అందుకే టైరు గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మీలో చాలామంది దీన్ని తిరగేసి నమ్ముతారు. గాలి ఎంత బిగువుగా కొడితే సైకిలు అంత వేగంగా పోతుందన్నది అద్దంలాంటి నేల మీద మాత్రమే నిజం. కంకర మీద బిగువు టైరు ప్రతి రాయికీ ఎగురుతుంది. మీ శరీరాన్నీ సైకిలునూ కలిపి పైకి లేపడానికి మీరు తొక్కిన శక్తిలో కొంత ఖర్చవుతుంది, ఆ శక్తి తిరిగి చక్రానికి రాదు. గాలి తక్కువగా ఉన్న వెడల్పాటి టైరు రాయిని తనలోకి ఇముడ్చుకుని దాటిపోతుంది. ఒకప్పటి సన్నని రోడ్డు సైకిలు టైరుకు వంద పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లని గాలి ఒత్తిడిని కొలిచే లెక్క) దాకా కొట్టేవారు. నలభై మిల్లీమీటర్ల టైరుకు, మధ్యరకం బరువున్న మనిషికి, ముప్ఫై అయిదు దగ్గర మొదలుపెట్టి అక్కడి నుంచి తగ్గిస్తూ పెంచుతూ చూసుకోవాలి. ట్యూబు లేకుండా లోపల ద్రవం పోసే పద్ధతిని నేను గట్టిగా సమర్థిస్తాను. చిన్న రంధ్రాలను ఆ ద్రవమే పూడ్చేస్తుంది. పెద్ద కోతకు మాత్రం జేబులో ఒక ట్యూబు ఉండి తీరాలి.

కార్ల విషయంలో నా అభిప్రాయం చాలామంది అభిమానులకు నచ్చదు. పాత అమెరికన్ కారు అనగానే అందరూ 1955 నాటి షెవ్రొలే వి-8 ఇంజనును (వి ఆకారంలో ఎనిమిది సిలిండర్లు ఉన్నదాన్ని), 1964 ఏప్రిల్‌లో వచ్చిన ఫోర్డు ముస్టాంగును తలుచుకుంటారు. అవి గొప్ప బండ్లే, కాదనను. అయితే నేర్చుకునేవాళ్ళకు గురువు అనదగినది క్రైస్లర్ సంస్థవారి వాలు ఆరు సిలిండర్ల ఇంజను. 1960 మోడల్ వేలియంటు కారుతో వచ్చిన ఈ ఇంజనును ముప్ఫై డిగ్రీల వాలులో పక్కకు ఒరిగించి అమర్చారు. దానివల్ల బోనెట్టు ఎత్తు తగ్గింది, గాలి లోపలికి పోయే గొట్టాలు పొడవుగా ఉండడానికి చోటు దొరికింది. నా డార్టులో ఉన్నది ఈ జాతిదే. (ఇదే సంస్థవారి డాడ్జి, ప్లిమత్ కార్లను, ఫార్గో లారీలను ఒకప్పుడు బొంబాయిలో ప్రీమియర్ కంపెనీ కూర్చేది. మీ ముత్తాతల కాలపువాళ్ళను అడిగితే ఫార్గో లారీని గుర్తుపడతారు.)

ఆ ఇంజనులో కార్బ్యురేటరు పని చూడండి. గాలి ఇరుకైన గొంతులోంచి పోయేటప్పుడు వేగం పెరిగి ఒత్తిడి తగ్గుతుంది, ఆ తగ్గిన ఒత్తిడికే పెట్రోలు సన్నని తుంపరగా పైకి వచ్చి గాలిలో కలుస్తుంది. భౌతికశాస్త్రంలో మీరు బట్టీపట్టిన బెర్నూలీ సూత్రం ఇదే. కవాటాల సందును, అంటే కవాటానికీ దాన్ని నొక్కి తెరిచే మీటకూ మధ్య ఉండే ఖాళీని కూడా చేత్తోనే సరిచేయాలి. ఇంజను వేడిగా ఉండగా, గాలి లోపలికి వచ్చే కవాటానికి అంగుళంలో వెయ్యో వంతులు పది, పొగ బయటికి పోయే కవాటానికి ఇరవై. సందు ఎక్కువైతే టకటకలాడుతుంది, తక్కువైతే కవాటం పూర్తిగా మూసుకోక కాలిపోతుంది.

పాతకారు మీద ప్రేమ ఉంది కదా అని దాని ప్రమాదాలను మీ దగ్గర దాచను. అమెరికా ప్రభుత్వం 1966లో వాహన భద్రతాచట్టం చేసేదాకా, ప్రమాదంలో స్టీరింగు గొట్టం ఈటెలా గుండెకు తగిలే బండ్లు ఎన్నో తిరిగాయి. బ్రేకు ద్రవం ఒక్కచోట కారినా నాలుగు చక్రాల బ్రేకులూ పోయేవి. కాబట్టి కొంటే 1968 మోడల్ గాని, ఆ తరువాతది గాని కొనండి, భుజం బెల్టులు లేకపోతే పెట్టించండి. పొగ సంగతి కూడా ఉంది. పొగను శుద్ధిచేసే కన్వర్టర్లు 1975 మోడళ్ళ నుంచి వచ్చాయి, నా డార్టుకు అది లేదు. అందుకే దాన్ని వారానికి ఒకసారి తిప్పుతాను, మిగతా రోజుల్లో దగ్గరి పనులన్నింటికీ సైకిలు తొక్కుతాను. పూర్తిగా కప్పిపెట్టి, తుడిచి, ప్రదర్శనలకు మాత్రమే బయటికి తీసే పద్ధతి నాకు సమ్మతం కాదు. నడవని కారులో రబ్బరు ఎండిపోతుంది, పెట్రోలు జిగురవుతుంది, బ్రేకులు తుప్పుపడతాయి.

వేసవి సెలవులకు మీరు వచ్చినప్పుడు ముందుగా ప్రతి ఒక్కరూ తమ సైకిలు టైరును విప్పి మళ్ళీ ఎక్కించాలి, గొలుసు అరుగుదల కొలవాలి. అది చేతనైనవాళ్ళకే కవాటాల సందు పని అప్పగిస్తాను. వేడి ఇంజను మీద పని కాబట్టి జుట్టు ముడివేసుకోవాలి, చేతులు పొడుగున్న చొక్కాలు వేసుకోరాదు. గ్రీజు మరకలు ఉతికినా పోవు, అందుచేత పాతబట్టలు రెండు జతలు తెచ్చుకోండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య