పశుపతి ముద్ర: పేరు ముందు, ప్రశ్నలు తరువాత

సింధు ప్రజలు ఎవరిని కొలిచారని అడిగితే, పోటీ పరీక్షలకు చదివే ఎవరైనా పశుపతి, అమ్మతల్లి, రావిచెట్టు, పవిత్రస్నానం అని తడుముకోకుండా చెబుతారు. ఈ జవాబు చాలావరకు 1931లో పురావస్తు శాస్త్రవేత్త జాన్ మార్షల్ సింధు నాగరికత నగరమైన మొహెంజొదారో తవ్వకాలపై వెలువరించిన మూడు సంపుటాల గ్రంథం నుంచి వచ్చింది. అందులో ఆయన ఊహగా ప్రతిపాదించిన పేర్లే క్రమంగా పాఠాల్లో నిజాలుగా స్థిరపడ్డాయి.

వాటిలో ముఖ్యమైనది పశుపతి ముద్ర. 1928–29 తవ్వకాల్లో ఎర్నెస్ట్ మెకే బృందానికి దొరికిన ఈ మెత్తరాతి బిళ్ల ఒక్కో వైపు దాదాపు మూడున్నర సెంటీమీటర్లే ఉంటుంది. ఇప్పుడు ఢిల్లీలోని నేషనల్ మ్యూజియంలో ఉంది. కొమ్ముల తలపాగా ధరించి, చేతుల నిండా గాజులతో, రెండు మడమలూ కలిపి పీటపై కూర్చున్న ఆకారం చుట్టూ ఏనుగు, పులి, ఖడ్గమృగం, దున్న ఉంటాయి. పీట కింద జింకల వంటివి రెండు కనిపిస్తాయి. మూడు ముఖాలు, యోగాసనం, చుట్టూ జంతువులు, త్రిశూలాన్ని తలపించే కొమ్ములు కలిసి ఇది శివుడి తొలి రూపమని మార్షల్‌కు తోచింది.

1970లలో కళాచరిత్ర పరిశోధకురాలు డోరిస్ శ్రీనివాసన్ దీన్ని గట్టిగా ప్రశ్నించారు. పక్క ముఖాలుగా కనిపించేవి నిజానికి దున్నపోతు చెవులు కావచ్చని, ఇది మహిషముఖం గల దేవత అయి ఉండవచ్చని ఆమె వాదన. వైదిక రుద్రుడికి పశుపతి అనే పేరు పెంపుడు పశువులకు సంబంధించినదే గాని అడవి మృగాలకు సంబంధించినది కాదన్నది మరో అభ్యంతరం. పశువుకూ మృగానికీ తేడా తెలిసిన తెలుగువారికి ఈ మాట వెంటనే తగులుతుంది. ముద్ర మీద ఉన్నవి చాలావరకు దొడ్లో కట్టేసే జంతువులు కావు. శివుడి వాహనమైన ఎద్దు అసలే లేదు.

మొహెంజొదారోలోనే దొరికిన, పూజారి రాజు అని పిలిచే విగ్రహానిదీ ఇదే కథ. పదిహేడున్నర సెంటీమీటర్ల ఆ రాతిబొమ్మ పూజారి అనడానికీ, రాజు అనడానికీ తిరుగులేని ఆధారం లేదు. అక్కడి మహాస్నానవాటిక విషయంలో మాత్రం ఊహకు కాస్త బలముంది: దాదాపు 12 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల లోతు గల ఆ ఇటుకల కోనేటికి నీరు ఇంకిపోకుండా తారు పూశారు, రెండు వైపులా మెట్లు కట్టారు. అంత శ్రద్ధ కేవలం ఒళ్లు కడుక్కోవడానికేనా అన్న అనుమానం సహజమే. రాజస్థాన్‌లోని కాలీబంగన్‌లో వరుసగా బయటపడ్డ గుండాలను తవ్వినవారు అగ్నివేదికలన్నారు. అవి పొయ్యిలు కావచ్చని వాదించినవారూ ఉన్నారు.

మెసొపొటేమియాలో ఈ చిక్కు లేదు. అక్కడి మట్టిపలకలను చదవగలిగారు గనుక ఎన్‌లిల్, ఇనాన్నా వంటి దేవతల పేర్లు ఆనాటివారి రాతలోనే తెలిశాయి. సింధు లిపి ఇంకా చదవబడలేదు. చేప గుర్తును ద్రావిడ భాషల 'మీన్'గా చదివి, తమిళంలో ఆ మాటకు చేప, నక్షత్రం అనే రెండు అర్థాలూ ఉన్నాయి గనుక అది గ్రహదేవతలను సూచిస్తుందని సింధు లిపి పరిశోధకుడు ఆస్కో పర్పోలా ప్రతిపాదించారు. మనకూ మీను అంటే చేపే గాని, నక్షత్రానికి చుక్క అనే అంటాం. ఆ ఊహ ఎంత ముచ్చటగా ఉన్నా, ఒక్కో ముద్రపై సగటున ఐదు గుర్తులే ఉండటం, రెండు భాషల్లో చెక్కిన శాసనం ఒక్కటీ దొరకకపోవడం వల్ల దాన్ని సరిచూసే దారి ఇప్పటికీ లేదు.