ఫినాయిల్ వాసన ఎవరినీ కాపాడదు: ఆస్పత్రి ఇన్ఫెక్షన్ల గురించి అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో నర్సుగా పదిహేడేళ్లు నిండాయి. చివరి ఎనిమిదేళ్లు ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సుగానే చేస్తున్నాను. వార్డులన్నీ తిరగడం, ఎవరు ఎప్పుడు చేతులు కడుగుతున్నారో పక్కన నిలబడి చూడడం, ఎవరికైనా సెలైన్ సూది పెట్టిన చోట ఎర్రబడితే ఎక్కడ తప్పు జరిగిందో వెనక్కి వెళ్లి వెతకడం నా పని. పేషెంట్ల ఇంటివాళ్లు అడిగేవీ, కొత్తగా డ్యూటీలో చేరిన పిల్లలు నమ్ముకొచ్చేవీ రోజూ వింటుంటాను. వాటిలో కొన్ని ప్రాణం మీదికి తెస్తాయి. అందుకే ఇది రాస్తున్నాను.

ప్రతి క్రిమికీ ఒక దారి ఉంటుంది. కొన్ని చేతుల మీద వెళ్తాయి, కొన్ని గాలిలో, కొన్ని రక్తంలో, కొన్ని దోమ కడుపులో. ఫలానా జబ్బు అని తేలగానే మేం వేసుకునే మొదటి ప్రశ్న, ఇది పక్క మంచానికి ఏ దారిన పోతుంది అని. కింద రాసిన అపోహల్లో చాలావరకు ఆ దారిని తప్పుగా పట్టుకోవడం వల్ల వచ్చినవే.

అపోహ: ఫినాయిల్ వాసన గుప్పుమంటే ఆస్పత్రి శుభ్రంగా ఉన్నట్టు.

నేల తుడవాల్సిందే. కానీ మంచం మీదున్న మనిషి నేలని ముట్టుకోడు. మంచం రెయిలింగు, పక్కనున్న లాకరు, సెలైన్ స్టాండు, కాలింగ్ బెల్లు, బాత్రూం గొళ్లెం, మా జేబులో పెన్నూ ఫోనూ... రోజుకి వందసార్లు చేతులు పడేది వీటి మీద. మీరు ఆస్పత్రికి వెళ్తే వాసన చూడకండి, రెయిలింగు తుడుస్తున్నారో లేదో చూడండి.

ఇంకోటి, క్రిముల్ని చంపే మందుకి టైమివ్వాలి. రక్తం ఒలికితే గ్లోవ్స్ వేసుకుని, పీల్చుకునే గుడ్డ పరిచి, దాని మీద 1 శాతం హైపోక్లోరైట్ ద్రావణం పోసి కనీసం 10 నిమిషాలు ఆగుతాం. పోసిన చేత్తోనే తుడిచేస్తే పోయనట్టే. మురికి పేరుకున్న చోట మందు పనిచేయదు కాబట్టి మామూలుగా ముందు సబ్బు నీళ్లు, ఆ తర్వాతే మందు. ఇళ్లలో ఒక జాగ్రత్త: బ్లీచింగ్ పౌడర్‌నీ, బాత్రూం కడిగే యాసిడ్‌నీ ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ గ్యాస్ పుట్టి ఊపిరి అందకుండా చేస్తుంది.

అపోహ: గ్లోవ్స్ వేసుకుంటే చేతులు కడగక్కర్లేదు.

నన్ను అన్నిటికంటే భయపెట్టేది ఇదే. గ్లోవ్స్ వేసుకున్న మనిషికి తన చేతులు శుభ్రంగా ఉన్నాయన్న ధైర్యం వస్తుంది. ఆ ధైర్యంతో ఒక పేషెంట్ యూరిన్ బ్యాగ్ ఖాళీ చేసి, అదే గ్లోవ్స్‌తో పక్క మంచం సెలైన్ ఆపి, అదే గ్లోవ్స్‌తో కేస్‌షీట్ తిప్పుతారు. గ్లోవ్ కాపాడింది వేసుకున్నవాళ్ల చర్మాన్ని మాత్రమే. రెండో మంచం పేషెంట్‌ని ఎవరూ కాపాడలేదు. గ్లోవ్స్‌కి కంటికి కనబడని చిల్లులుంటాయి, విప్పేటప్పుడు చేతికి అంటుతుంది కూడా. అందుకే వేసుకునే ముందు ఒకసారి, తీశాక ఒకసారి చేతులు శుభ్రం చేసుకోవాల్సిందే.

కొత్త పిల్లలకి మాటలతో చెబితే ఎక్కదు. చీకటి గదిలో చూపిస్తాను. నీలం దీపం కింద మెరిసే లోషన్ ఒకటి ఉంటుంది. దాన్ని చేతులకి రాసుకుని, ఎప్పటిలాగే సబ్బుతో కడుక్కుని రమ్మంటాను. వచ్చి దీపం కింద చేతులు పెడతారు. అరచేతులు నల్లగా, శుభ్రంగా ఉంటాయి. బొటనవేలు మాత్రం మొదలు నుంచి చివరిదాకా వెలుగుతూ ఉంటుంది. వేళ్ల సందులు, గోళ్ల అంచులు, ఉంగరం చుట్టూ ఒక గీత, గాజుల కింద మణికట్టు... అన్నీ మెరుస్తాయి. ఒకమ్మాయి తన బొటనవేలు చూసుకుని "మేడమ్, దీంతోనే కదా పొద్దున్నుంచి సెలైన్ ఎక్కించే కాన్యులాలు పట్టుకున్నాను" అంది. గది నిశ్శబ్దమైపోయింది. ఆ అమ్మాయి మళ్లీ ఉంగరంతో డ్యూటీకి రాలేదు.

సబ్బుతో అయితే 40 నుంచి 60 సెకన్లు, ఆల్కహాల్ హ్యాండ్‌రబ్‌తో అయితే 20 నుంచి 30 సెకన్లు. ఎప్పుడెప్పుడు చేయాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు సందర్భాలుగా చెప్పింది: పేషెంట్‌ని ముట్టుకునే ముందు, సూది, డ్రెస్సింగ్ లాంటి శుభ్రమైన పనికి ముందు, రక్తమో మలమూత్రాలో తగిలే పని అయ్యాక, పేషెంట్‌ని ముట్టుకున్నాక, పేషెంట్ చుట్టూ ఉన్న వస్తువుల్ని ముట్టుకున్నాక. చివరిదాన్ని అందరూ మర్చిపోతారు. పేషెంట్‌ని తాకకుండా మానిటర్ బటన్ నొక్కి వెళ్లినా చేయి అంటుపడినట్టే.

ఈ జ్ఞానం మనకి తేలిగ్గా రాలేదు. 1847లో వియన్నాలో సెమ్మెల్వైస్ అనే డాక్టరు పనిచేసిన కాన్పుల వార్డులో ఏప్రిల్ నెలలో నూటికి 18 మంది బాలింతలు చనిపోయారు. డాక్టర్లు, విద్యార్థులు శవపరీక్షలు చేసి అవే చేతులతో కాన్పులకు వచ్చేవారు. క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగి తీరాలని ఆయన పట్టుబట్టాక జూన్‌కల్లా ఆ చావులు నూటికి రెండుకి దిగాయి. క్రిమి అంటే ఏమిటో అప్పటికి తెలియదు. ఆయన పట్టుకుంది దారిని.

అపోహ: శానిటైజర్ ఉంటే సబ్బెందుకు?

చేతికి మురికో రక్తమో కనబడితే సబ్బే. విరేచనాల కేసుల్లోనూ సబ్బే. విరేచనాలు తెప్పించే క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసైల్ అనే బ్యాక్టీరియా గింజలాంటి గట్టి పెంకు కట్టుకుంటుంది, ఆల్కహాల్ దాన్నేమీ చేయలేదు. రుద్ది నీళ్లతో వదిలించుకోవాల్సిందే.

అపోహ: హెచ్ఐవీ ఉన్న పేషెంట్ అయితే ముందే బోర్డు పెట్టాలి, మేం జాగ్రత్తపడతాం.

ఈ మాట అనేది ఆస్పత్రుల్లో పనిచేసేవాళ్లే. బాధగా ఉంటుంది. బోర్డు లేని పేషెంట్ దగ్గర జాగ్రత్తపడరన్నమాట! ఎవరి రక్తంలో ఏముందో మొహం చూసి చెప్పలేం, పేషెంట్‌కి కూడా తెలియకపోవచ్చు. అందుకే అందరి రక్తాన్నీ ప్రమాదమున్న రక్తంగానే చూడాలి. దాన్నే ప్రామాణిక జాగ్రత్తలు అంటాం. పేషెంట్ అనుమతి లేకుండా హెచ్ఐవీ సంగతి బయటపెట్టడం, దాన్ని సాకుగా చూపి వైద్యం చేయకపోవడం 2017 నాటి చట్టం ప్రకారం తప్పు.

నేను ఇదివరకు చేసిన ఒకచోట, ఒక స్టూడెంట్ నర్సు రాత్రి డ్యూటీలో ఇంజెక్షన్ ఇచ్చి సూదికి మళ్లీ మూత పెట్టబోయి ఎడమ చూపుడువేలిలో గుచ్చుకుంది. భయంతో వేలు పిండేస్తూ ఏడుస్తోంది. నేను వెళ్లేసరికి తోటివాళ్లు స్పిరిట్ పోయబోతున్నారు. పిండకూడదు, స్పిరిట్ పోయకూడదు. పారే నీళ్ల కింద సబ్బుతో కడగాలి, వెంటనే చెప్పాలి. అవసరమైతే హెచ్ఐవీ నివారణ మందులు ఎంత తొందరగా మొదలైతే అంత మేలు, 72 గంటలు దాటకూడదు, 28 రోజులు వాడాలి. ఆ పేషెంట్ రక్తపరీక్షలో ఏమీ లేదని తేలింది. కానీ పిల్ల కోలుకోడానికి నెల పట్టింది.

అందరూ ఆమెనే తిట్టారు. నేను వెళ్లి అడుగులు లెక్కపెట్టాను. వాడిన సూదులు పడేసే తెల్లడబ్బా ఆ మంచానికి 34 అడుగుల దూరంలో, వార్డు చివర ఉంది. చేతిలో బయటికున్న సూదితో చీకట్లో అంతదూరం ఎవరు నడుస్తారు? మూత పెట్టకుండా ఎలా ఉంటారు? మర్నాటి నుంచి ఇంజెక్షన్ ట్రాలీ మీదే డబ్బా పెట్టించాం.

సూది విషయంలో హెచ్ఐవీ కంటే, కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి ఎక్కువ అంటుతుంది. హెచ్ఐవీ ఉన్న రక్తపు సూది గుచ్చుకుంటే వెయ్యికి ముగ్గురికి సోకొచ్చు. హెపటైటిస్ బి అయితే, టీకా లేనివాళ్లలో నూటికి 6 నుంచి 30 మందికి. ఎండిన రక్తంలో ఆ వైరస్ కనీసం వారం రోజులు బతుకుతుంది. టీకా మూడు డోసులు: ఇవాళ, నెలకి, ఆరు నెలలకి. నర్సింగ్‌లో చేరే పిల్లల తల్లిదండ్రులారా, యూనిఫాం కుట్టించే ముందు ఈ టీకా వేయించండి.

అపోహ: టీబీ వస్తే కంచం, గ్లాసు వేరుచేయాలి.

ఎర్రగడ్డ ఛాతీ దవాఖాన పేరెత్తితే చాలు, కొన్ని ఇళ్లలో మనిషికి ఒక మూల, ఒక స్టీలు కంచం కేటాయిస్తారు. టీబీ కంచంలో రాదు, దుప్పటిలో రాదు. ఊపిరితిత్తుల టీబీ ఉన్నవాళ్లు దగ్గినప్పుడు బయటపడే అతిసన్నని తుంపరలు గాలిలో గంటలకొద్దీ తేలుతుంటాయి. దారి అది. కంచం వేరుచేసి, అదే మనిషిని కిటికీలు మూసిన ఏసీ గదిలో పిల్లల పక్కన పడుకోబెడతారు!

చేయాల్సింది కిటికీలు తెరవడం. పేషెంట్‌కి మామూలు సర్జికల్ మాస్కు చాలు, తుంపర బయటికి రాకుండా ఆపుతుంది. గాలి పీల్చుకునే మాకు ఎన్-95 కావాలి. మందులకి లొంగే టీబీ అయితే సరిగా వాడిన రెండు వారాల్లోనే అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. మందులు మాత్రం పూర్తి కోర్సు వాడాలి. ఇంట్లో అందరికీ పరీక్ష చేయించండి. ఆ మనిషి పక్కన కూర్చుని అన్నం తినండి, వాళ్లకి తిండి ఎక్కాలంటే అది కూడా అవసరమే.

అపోహ: అమ్మవారు పోస్తే ఆస్పత్రికి తీసుకెళ్లకూడదు.

వేపమండలు పెట్టుకోండి, పసుపు నీళ్లు చల్లుకోండి, నేను వద్దనను. మనిషిని విడిగా ఉంచడం, ఎవరినీ రానివ్వకపోవడం మన పెద్దవాళ్లు పెట్టిన మంచి అలవాటు. ఆటలమ్మ, అంటే చికెన్‌పాక్స్, గాలిలో కూడా అంటుకునే జబ్బు, పొక్కులు రావడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే, అన్నీ ఎండి చెక్కు కట్టేదాకా. గర్భిణి, అప్పుడే పుట్టిన బిడ్డ, క్యాన్సర్ మందులు వాడుతున్నవాళ్లు దరిదాపుల్లో ఉండకూడదు. పెద్దవాళ్లకి వస్తే, ఆయాసం వచ్చినా, మగతగా ఉన్నా ఆగకుండా తీసుకురండి. నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌ని పాతవాళ్లు ఇప్పటికీ కోరంటి దవాఖాన అంటారు. క్వారంటైన్ అన్న మాటే జనం నోట్లో నలిగి కోరంటి అయింది. విడిగా ఉంచి వైద్యం చేయడం ఈ ఊరికి కొత్త కాదు.

అపోహ: డెంగీ పేషెంట్‌ని ముట్టుకుంటే మనకీ వస్తుంది.

రాదు. దోమ కుట్టాలి. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనిపెట్టింది ఈ గడ్డ మీదే. డెంగీ దోమ వేరు. అది పగలు కుడుతుంది, మంచినీళ్లలో పెరుగుతుంది: కూలర్ అడుగున, పూలకుండీ పళ్లెంలో, మూతలేని డ్రమ్ములో. జ్వరంలో ఉన్న మనిషికి పగటిపూట కూడా దోమతెర కట్టండి. ఆ మనిషిని కుట్టిన దోమే తర్వాత మిగతావాళ్లకి అంటిస్తుంది.

అపోహ: యూరిన్ పైపు ఉంటే పేషెంట్‌కి సుఖం, ఉండనివ్వండి.

పైపు ఎన్ని రోజులుంటే ఇన్ఫెక్షన్ ప్రమాదం అంత పెరుగుతుంది. ఇవాళ ఇది ఇంకా కావాలా అని రోజూ డాక్టర్‌ని అడగడం నర్సు పని, మీరూ అడగొచ్చు. స్కానింగ్‌కి స్ట్రెచర్ మీద తీసుకెళ్లేటప్పుడు బ్యాగుని పేషెంట్ పొట్టమీద పెడతారు. బ్యాగు పైకెక్కగానే అందులోని మూత్రం క్రిములతో సహా పైపులోంచి వెనక్కి పారుతుంది. బ్యాగు ఎప్పుడూ నడుము కంటే కిందే ఉండాలి, నేలకి తగలకూడదు. ఈసారి మీ నాన్నగారి స్ట్రెచర్ పక్కన నడుస్తున్నప్పుడు చూడండి.

అపోహ: చేతులు కడిగారా అని నర్సుని అడిగితే అవమానించినట్టు.

మొన్న ఆర్థో వార్డులో డ్రెస్సింగ్ చూడ్డానికి ఒక పెద్దావిడ మంచం దగ్గరికి వెళ్లాను. తుంటి ఆపరేషన్ అయింది, వరంగల్ వైపు నుంచి వచ్చారు. దుప్పటి తీయబోతుంటే నా చేయి పట్టి ఆపి, "బిడ్డా, చేతులు కడుక్కున్నవా?" అంది. పక్కనున్న కొడుకు కంగారుపడి "అమ్మా, ఊకో" అన్నాడు. నేను గుమ్మం దగ్గరే రుద్దుకుని వచ్చాను గానీ ఆవిడ చూడలేదు. పైగా ఆవిడ చేయి పట్టుకుంది. మంచానికి తగిలించిన సీసా నొక్కి ఆవిడ ఎదురుగా మళ్లీ రుద్దుకున్నాను, బొటనవేళ్లతో సహా. చివరిదాకా చూసి, "ఇగ చూడు" అని తనే దుప్పటి పక్కకి జరిపింది.