సిస్టర్స్ బడిలో లెక్కలు, సైన్స్: అపోహలు – వాస్తవాలు

నల్లగొండ దగ్గర సిస్టర్స్ నడిపే ఒక చిన్న హైస్కూల్లో నేను లెక్కలు, భౌతికశాస్త్రం చెబుతాను. జూన్ వచ్చిందంటే అడ్మిషన్ల కోసం వచ్చే తల్లిదండ్రులు ఫీజు సంగతి తేలాక అడిగే ప్రశ్నలు ఏటా దాదాపు అవే. అడగకుండా మనసులో పెట్టుకునేవి ఇంకొన్ని. రెండు రకాలకూ నా జవాబులు ఇవి.

అపోహ: చర్చి బడి కదా, డార్విన్ గురించి చెప్పరు.

వాస్తవం: చెబుతాం. మాది రాష్ట్ర సిలబస్, పిల్లలు రాసేది ఎస్సెస్సీ పరీక్ష. పదో తరగతి జీవశాస్త్రంలో అనువంశికతా ఉంది, పరిణామమూ ఉంది. కేంద్ర సిలబస్ పుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ 2023లో తన పదో తరగతి పుస్తకంలోంచి పరిణామాన్ని తీసేసింది, మేం మాత్రం చెబుతూనే ఉన్నాం. క్యాథలిక్ సభకూ దీనితో పేచీ లేదు. మనిషి శరీరం ఎలా పరిణమించిందో పరిశోధించడానికి అడ్డు లేదని పోపు పన్నెండో పయస్ 1950లోనే రాశారు. పరిణామ సిద్ధాంతం వట్టి ఊహ స్థాయిని దాటిందని 1996లో రెండో జాన్ పాల్ ఒప్పుకున్నారు.

అసలు అనువంశికత పాఠం పుట్టిందే మఠంలో. మెండల్ అగస్టీనియన్ సన్యాసి. ఇప్పటి చెక్ దేశంలోని బ్రనో మఠం తోటలో 1856 నుంచి బఠానీ మొక్కలు పెంచి, లెక్కపెట్టి, 1866లో ఫలితాలు అచ్చువేయించాడు. జీవశాస్త్రం నా సబ్జెక్టు కాదు. కానీ పొడుగు, పొట్టి మొక్కల 3:1 నిష్పత్తి వచ్చిన రోజు బయాలజీ టీచర్ నన్ను క్లాసుకు పిలుస్తుంది. ఇద్దరిద్దరు పిల్లలకు రెండేసి రూపాయి బిళ్లలు ఇస్తాం. బొమ్మ పొడుగు, బొరుసు పొట్టి. రెండూ బొరుసు పడితేనే పొట్టి మొక్క. ఇరవై సార్లు ఎగరేస్తే ఒక జంటకు పొట్టివి తొమ్మిది వస్తాయి, పక్క జంటకు రెండే. "మెండల్ తప్పు సార్" అని ఎవడో ఒకడు అంటాడు. అందరివీ బోర్డు మీద కలిపితే పొట్టివి నాలుగో వంతు దగ్గరికి వచ్చేస్తాయి. సంభావ్యత పాఠం నాకు సగం అక్కడే అయిపోతుంది.

అపోహ: మతం క్లాసులో అందరూ కూర్చోవాలి.

వాస్తవం: సత్యోపదేశం, అంటే మా మతబోధ, క్యాథలిక్ పిల్లలకే. ఆ పీరియడ్‌లో మిగతావాళ్లకు మోరల్ సైన్స్ ఉంటుంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ బడిలోనైనా తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పిల్లల్ని మతబోధలో కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణంలోనే ఉంది.

అపోహ: చిన్న బడి, ల్యాబ్ ఉండదు, సైన్స్ ఏం వస్తుంది?

వాస్తవం: మా ల్యాబ్ ఒక గది, రెండు బీరువాలు. చాలదనిపించే రోజులు ఉంటాయి, కాదనను. కానీ పెద్ద బడుల్లో అద్దాల బీరువాకు వేసిన తాళం ఇన్‌స్పెక్షన్ రోజున తప్ప తీయకపోవడం నేను చూశాను.

మన జిల్లాలో సైన్స్ కోసం దూరం వెళ్లక్కర్లేదు. ఫ్లోరైడ్ నీళ్లు తీసుకోండి. మర్రిగూడ వైపు పిల్లలకు వంకర్లు పోయిన తాతల కాళ్లు తెలుసు, గారపట్టిన పళ్లు తెలుసు. "కాచి తాగితే ఫ్లోరైడ్ పోతది సార్" అని ఇప్పటికీ అంటారు. పోదు. లీటరు నీళ్లలో 2 మిల్లీగ్రాములు ఉందనుకుందాం. మరిగించి అర లీటరు చేస్తే నీళ్లు ఆవిరైపోతాయి గానీ ఆ 2 మిల్లీగ్రాములు అక్కడే ఉంటాయి. అంటే లీటరుకు 4. మన ప్రమాణాల ప్రకారం 1 దాటకూడదు, వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు. ఇంతకూ ఇది ఏడో తరగతి నిష్పత్తి లెక్కే.

తర్వాత నాలుగు గాజు గ్లాసుల్లో బోరు నీళ్లు పోసి, ఫ్లోరైడ్ తగ్గించే 'నల్లగొండ టెక్నిక్' చేయిస్తాను. నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు మన జిల్లా పేరు పెట్టిన పద్ధతి అది. సున్నం, పటిక, కొంచెం బ్లీచింగ్ పౌడర్. ముందు గబగబా, తర్వాత నెమ్మదిగా తిప్పాలి. దూదిలాంటి తెల్లటి పింజలు కట్టి కిందికి దిగుతాయి. అది అల్యూమినియం హైడ్రాక్సైడ్, ఫ్లోరైడ్‌ను పట్టుకుని దిగుతుంది. సున్నం ఎందుకంటే, పటిక ఒక్కటే వేస్తే నీళ్లు ఆమ్లమవుతాయి. ఒక గ్లాసులో సున్నం వేయకుండా లిట్మస్ ముంచి చూపిస్తే, ఆ ప్రశ్న పరీక్షలో ఎవరూ తప్పు రాయరు.

త్రికోణమితికి మా చర్చి గంట గోపురం ఉంది. కోణమానినికి దారం, రాయి, ఒక స్ట్రా కట్టి పైకి చూస్తూ, 45 డిగ్రీలు వచ్చేదాకా వెనక్కి నడవాలి. అక్కడి నుంచి గోపురానికి ఎంత దూరమో అంతే ఎత్తు అని రాసేస్తారు. చూసింది నేల మీద నుంచి కాదు, కంటి దగ్గర నుంచి అని గుర్తొచ్చి తమ కంటి ఎత్తు కలిపేవాళ్లు ఇద్దరో ముగ్గురో.

అపోహ: ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ లేకపోతే పిల్లలు వెనకబడతారు.

వాస్తవం: "ఎనిమిదిలనే ఇంటర్ లెక్కలు చేస్తుండు సార్" అని గర్వంగా చెప్పి తీసుకొస్తారు. నేను −3 − 5 ఎంత అని అడుగుతాను. ఎక్కువమంది −8 అనకుండా 8 అంటారు. ఎందుకని అడిగితే "మైనస్ మైనస్ ప్లస్ కదా సార్!" ఆ సూత్రం గుణకారానిదని ఎవరూ చెప్పలేదు, సంఖ్యారేఖ మీద నడిపించలేదు. ఫౌండేషన్ పుస్తకం చెడ్డదని కాదు, భిన్నాలూ గుర్తులూ కుదరకముందు అది దండగ ఖర్చు అని నా అభిప్రాయం.

అపోహ: సిస్టర్స్ కొడతారు, అందుకే లెక్కలు వస్తాయి.

వాస్తవం: "కండ్లు రెండు వదిలిపెట్టి తోలు తీయుండ్రి సార్" అనే నాన్నలు ఇంకా ఉన్నారు. కొట్టం. భయపడే పిల్లాడు పక్కవాడి నోట్సు చూసి సరైన జవాబు దించుకుంటాడు, వాడికి ఏది రాదో నాకెప్పటికీ తెలియదు.

అపోహ: అక్కడ వేస్తే చాలు, ఇంట్లో ఇక చూసుకోనక్కర్లేదు.

వాస్తవం: ఇది మాకు అనుకూలమైన అపోహ, అయినా తప్పే. మా బడిలో హైస్కూలు లెక్కలకు నేనొక్కణ్ణే. పత్తి ఏరే రోజుల్లో వారం పది రోజులు బడి మానిన పిల్లలకు సరూప త్రిభుజాలు పోతాయి. అవి లేకపోతే తర్వాత త్రికోణమితి ఎక్కదు. అప్పుడు "మా బిడ్డకు లెక్కలు రావు" అంటారు. పని ఉంటే మాన్పించండి, కాదనలేను. తిరిగొచ్చిన రోజు మాత్రం ఏ పాఠాలు పోయాయో వచ్చి అడగమనండి. సాయంత్రం బెల్లు కొట్టాక అరగంట స్టాఫ్ రూమ్‌లోనే ఉంటాను.