పాత బంగళాతో వచ్చే బార్న్: అన్నీ తేల్చేది 1948 జూలై 1

ఇంగ్లండ్ పల్లెల్లో పాత బంగళా అమ్మకానికి వస్తే, పక్కనున్న బార్న్ గురించి ప్రకటనలో తరచూ ఒకే వాక్యం ఉంటుంది: 'అనుమతులు వస్తే ఇల్లుగా మార్చుకోవచ్చు'. కొన్నవాళ్లు ఇరుక్కునేది ఆ 'వస్తే' దగ్గరే.

వాన దేశం కాబట్టి అక్కడి రైతులు కల్లాన్ని కప్పు కింద పెట్టుకున్నారు. అదే బార్న్. ఎదురెదురు గోడల్లో బండి పట్టేంత తలుపులు రెండు, వాటి మధ్య నూర్పిడి నేల. చలికాలమంతా కర్రలతో కంకులు నూర్చి, రెండు తలుపులూ బార్లా తెరిచి ఆ గాలికి తూర్పారబట్టేవారు. అటూ ఇటూ అంకణాల్లో నూర్చాల్సిన పనలు, నూర్చిన గడ్డి ఉండేవి. 1786 ప్రాంతంలో ఆండ్రూ మీకిల్ నూర్పిడి యంత్రం వచ్చింది. చలికాలపు కూలి పోతోందని 1830లో కూలీలు అలాంటి యంత్రాలను విరగ్గొట్టారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత కంబైన్ హార్వెస్టర్లు పొలంలోనే పని కానిచ్చేయడంతో బార్న్ పాత సామాన్ల కొట్టుగా మిగిలింది.

యంత్రాలు లోపలికి పట్టడానికి చాలాచోట్ల అడ్డ దూలాలు కోసేశారు. రెండు గోడల తలలనూ కలిపి పట్టుకునేది ఆ దూలమే. అది పోతే కప్పు బరువుకు గోడలు బయటికి ఒరుగుతాయి. దారానికి గుండు కట్టి గోడ పక్కన వేలాడదీస్తే ఎంత ఒరిగిందో తెలిసిపోతుంది. సున్నంతో కట్టిన గోడ సందుల్లో సిమెంటు పూసినా ముప్పే. లోపలి చెమ్మ బయటికి పోయే దారిలేక గోడ అడుగున ఉండే చెక్క దూలం చివుకుతుంది. పైకి గట్టిగా కనిపించే ఆ చెక్కలో చాకు మొన సులువుగా దిగితే, దాన్ని మార్చే ఖర్చు కూడా బేరంలో లెక్కేసుకోవాలి.

బంగళాల కష్టాలు వేరు. 1870ల నుంచి ధాన్యం ధరలు పడి కౌలు రాబడి తగ్గింది. 1894లో వచ్చిన ఎస్టేట్ డ్యూటీ (చనిపోయినవారి ఆస్తిపై పన్ను) అప్పట్లో గరిష్ఠంగా 8 శాతం, 1949 నాటికి 80 శాతం. ఇరవయ్యో శతాబ్దంలో వెయ్యికి పైగా బంగళాలు నేలమట్టమయ్యాయి. 1944, 1947 చట్టాలతో చారిత్రక కట్టడాల జాబితా మొదలైనా, దానికి కోరలు వచ్చింది 1968 చట్టంతోనే. 1969 జనవరి 1 నుంచి జాబితాలోని కట్టడాన్ని దాని స్వరూపంపై ప్రభావం పడేలా అనుమతి లేకుండా మార్చడం నేరం.

ఇప్పుడు అమల్లో ఉన్న 1990 చట్టం ప్రకారం, జాబితాలోని ఇంటి ఆవరణలో 1948 జూలై 1కి ముందు నుంచీ ఉన్న కట్టడమూ ఆ ఇంటిలో భాగమే. జాబితాలో బార్న్ పేరు విడిగా ఉండనక్కర్లేదు. ఆవరణ ఎంతవరకన్నదే చిక్కు. కోర్టులు మూడు చూస్తాయి: కట్టడాల అమరిక, అప్పటి ఇప్పటి యాజమాన్యం, అప్పటి ఇప్పటి వాడకం. వ్యవసాయానికే వాడిన బార్న్ రైతు ఇంటి ఆవరణలోకి రాదన్న తీర్పూ ఉంది. అందుకే ఇంటిని జాబితాలో చేర్చిన తేదీ, ప్రభుత్వ పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే పాత పటాలు ముందు వేసుకుని కూర్చోవాలి.

2014లో వ్యవసాయ కట్టడాలను పూర్తి ప్లానింగ్ దరఖాస్తు లేకుండా ఇళ్లుగా మార్చే వెసులుబాటు వచ్చింది. ఇప్పుడు దాన్ని క్లాస్ క్యూ అంటారు. జాబితా కట్టడాలకు అది వర్తించదు. పొరుగు రైతు మార్చుకున్నాడు కదా అన్న లెక్క ఇక్కడ పనికిరాదు. పాత బార్న్‌లలో ఉండే గబ్బిలాలకూ 1981 చట్టం రక్షణ ఉంది. అవి సాయంత్రం బయటికి వస్తున్నాయా అని చూసే సర్వే మే నుంచి సెప్టెంబరు లోపే. అక్టోబరులో కొన్నవాళ్లు మే దాకా ఆగాల్సిందే.

అనుమతి లేకుండా పాత యజమాని చేసిన మార్పులపై చర్యకు కాలపరిమితి లేదు. సరిచేయమనే నోటీసు కొత్త యజమానికే వస్తుంది. దానికి బీమా దొరుకుతుంది గానీ, అది తప్పును ఒప్పు చేయదు. పైగా స్థానిక కౌన్సిల్‌ను ఒకసారి అడిగాక ఆ పాలసీ సాధారణంగా ఇవ్వరు. కౌన్సిల్‌లో పాత కట్టడాల రక్షణ చూసే కన్జర్వేషన్ అధికారిని అడగాలా, బీమా తీసుకోవాలా అన్నది ఫోన్ ఎత్తకముందే లాయరుతో తేల్చుకోవాలి.