డబ్బా మీద ఐదు రోజులు, సిరొంచలో రెండు

గడ్చిరోలి జిల్లా సిరొంచ నుంచి ఒక పాఠకురాలు అడిగారు: ఆపదలో నొక్కితే ఫోను వెళ్లే మెడ పరికరం ఒకటి తల్లికి కొన్నారట. డబ్బా మీద ఐదు రోజుల ఛార్జింగు అని రాసి ఉంది. హైదరాబాదులో తమ్ముడి ఇంట నాలుగు రోజులు వచ్చిన ఆ పరికరం ప్రాణహిత ఒడ్డున రెండు రోజులకే ఎందుకు ఆగిపోతోంది?

బ్యాటరీ మంచిదే. ఇక్కడ దానికి గొంతు చించుకోవలసి వస్తోంది, అంతే.

ఏటి అవతల ఉన్న పడవవాణ్ణి కేకేసి పిలుస్తాం, అరుగు మీద పక్కన కూర్చున్నవాడితో మెల్లగా మాట్లాడతాం. మొబైల్ పరికరమూ అంతే, ఎంత గట్టిగా పలకాలో దానికి టవరే చెబుతుంది. 900 మెగాహెర్ట్జ్ 2జీలో ఆ గొంతు సుమారు 3 మిల్లీవాట్ల నుంచి 2 వాట్ల దాకా, అంటే ఆరు వందల రెట్లకు పైగా పెరగగలదు. దూరం రెట్టింపైతే ఆరుబయట నాలుగు రెట్లు, చెట్లూ ఇళ్లూ అడ్డున్న నేల మీద దాదాపు పదహారు రెట్లు శక్తి కావాలి. ఆ కేక ఒక్కొక్కటీ 577 మైక్రోసెకన్లే అయినా ఆ క్షణంలో కరెంటు 2 యాంపియర్లకు చేరవచ్చు. అంతర్నిరోధం, అంటే కరెంటుకు లోపలే ఎదురయ్యే అడ్డు, పెరిగిన పాత బ్యాటరీలో అప్పుడు వోల్టేజి ఒక్కసారిగా పడిపోయి, ఛార్జి మిగిలి ఉన్నట్టు చూపుతూనే పరికరం ఆరిపోతుంది. 4జీలో గరిష్ఠం 0.2 వాట్లే.

సరిహద్దు తిప్పలు దీనికి అదనం. ఇటు మహారాష్ట్ర టవరు, ఏటికి అటు తెలంగాణ టవరు సమానంగా వినిపిస్తే పరికరం వాటి మధ్య ఊగిసలాడుతూ, మారిన ప్రతిసారీ తన ఉనికిని మళ్లీ నమోదు చేసుకుంటుంది. పైగా ఆ తల్లి పడుకునేది రేకుల గదిలో. మనిషి ఎక్కడున్నదీ తెలుసుకోవడానికి పరికరం వినే, 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాల నుంచి వచ్చే సన్నని సంకేతాన్ని రేకు అడ్డుకుంటుంది కనుక, అర నిమిషంలో పని ముగించుకుని నిద్రపోవలసిన రిసీవరు వెతుకుతూ మేలుకునే ఉంటుంది.

500 మిల్లీయాంపియర్ అవర్ల బ్యాటరీ నుంచి సగటున 5 మిల్లీయాంపియర్లు లాగితే 100 గంటలు వస్తుంది, 20 లాగితే 25 గంటలే. అందుచేత రెండు పరికరాలను పోల్చదలచినవారు డబ్బాలను పక్కనపెట్టి, రెంటినీ పెద్దవారు పడుకునే గదిలోనే మూడు రోజులు ఉంచి చూడాలి. ఫోను చేసే పెట్టె ఇంట్లో ఉండి, దానితో మాత్రమే మాట్లాడే బటన్ల బ్యాటరీ ఏళ్ల తరబడి వస్తుంది, ఎందుకంటే నొక్కేదాకా అవి నోరు విప్పవు; అయితే సంతకు వెళ్లిన మనిషికి అవి పనికిరావు.

పూర్తిగా ఖాళీ అయ్యాకే ఛార్జి పెట్టాలన్న నమ్మకం నికెల్-కాడ్మియం కాలం నాటిది. లిథియం బ్యాటరీకి అది మేలు చేయకపోగా, తాయెత్తులా మెడలో ఉండవలసిన వస్తువు అర్ధరాత్రి పెరటి దారిలో మూగబోయేలా చేస్తుంది. రాత్రి పడుకునేటప్పుడూ, స్నానానికి వెళ్లేటప్పుడూ దాన్ని తీయకూడదు; తల్లి మనవరాలి పక్కన కూర్చుని సీరియళ్లు చూసే రెండు గంటలలో ఛార్జి పెట్టమని ఆ పాఠకురాలికి రాశాను.