నీళ్లకే ఎందుకు పొలమారుతుంది?

డిమెన్షియా ఉన్న అత్తగారు పప్పన్నం బాగానే తింటున్నారట, కాఫీ తాగితే మాత్రం పొలమారుతోందట. పల్చటిది ఇంకా సులువుగా దిగాలి కదా అని బెంగళూరు మారతహళ్ళి నుంచి ఒక పాఠకురాలి ప్రశ్న. సులువుగానే దిగుతుంది. అంత తొందరగా దిగడమే అసలు చిక్కు.

గొంతులో గాలి దారిని తిండి దారి అడ్డంగా దాటుతుంది. రైల్వే గేటు దగ్గర రోడ్డును పట్టాలు దాటినట్టే. ముద్ద నాలుక మొదలుకు చేరగానే మెదడు కాండం నుంచి ఆజ్ఞ వెళుతుంది: ఊపిరి ఆగుతుంది, స్వరపేటిక పైకీ ముందుకీ లేస్తుంది, స్వరతంత్రులు దగ్గరికొచ్చి మూసుకుంటాయి, ఉపజిహ్విక వాలుతుంది, అన్నవాహిక మొదట్లోని కండరం వదులవుతుంది. ఇదంతా సుమారు ఒక్క సెకను పని. బడిలో ఉపజిహ్విక అనే మూత ఒక్కదాని గురించే చెప్పి వదిలేస్తారు. పిల్లలకు అసలు చెప్పాల్సింది ఈ వరుస, దాని వేళ.

డిమెన్షియాలో తరచుగా తప్పేది ఆ వేళే. గేటు ఆలస్యంగా పడుతుంది. నీళ్లు, కాఫీ, మజ్జిగ ఎక్స్‌ప్రెస్ బండ్లు. గేటు పడేలోపే క్రాసింగు దాటి ఊపిరితిత్తుల వైపు మళ్లుతాయి. చిక్కటి జావ గూడ్సు బండి, గేటుకు వ్యవధి ఇస్తుంది. అయితే మరీ చిక్కనైతే నాలుకకు తోసే బలం చాలక కొన్ని పెట్టెలు గొంతులోనే నిలిచిపోతాయి, తర్వాతి ఊపిరితో లోపలికి జారతాయి. అన్నిటికన్నా కష్టమైనది చారన్నం: మెతుకులు ఇంకా నోట్లో ఉండగానే చారు ముందు పరుగెడుతుంది. సాంబారులో నానిన ఇడ్లీ, పుచ్చకాయ ముక్క కూడా అంతే. నమలకుండా మింగే రాగి సంగటి ముద్ద ఊపిరికే అడ్డుపడవచ్చు. పప్పన్నం నెయ్యి వేసి మెత్తగా మెదిపితే అంతా ఒకే వేగంతో కదులుతుంది. అత్తగారికి అది నప్పడానికి కారణం ఇదే.

పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని నడినెత్తిన తట్టి నీళ్లు పట్టడం మన ఇళ్లలో అలవాటు. ఆ నీళ్లు పట్టకండి, దగ్గనివ్వండి. దగ్గు రాకపోతే క్షేమమనీ అనుకోవద్దు. కొందరిలో తిండి దారి తప్పినా దగ్గే రాదు. తిన్నాక గొంతు తడిగా, గురగురలాడుతూ ఉండటం, మళ్లీ మళ్లీ జ్వరం, ఛాతీలో కఫం దానికి గుర్తులు.

చిక్కదనం ఇంట్లోనే కొలవవచ్చు. సున్నా నుంచి పది వరకు గీతల పొడవు 61.5 మి.మీ. ఉన్న 10 మి.లీ. సిరంజి తీసుకుని, లోపలి కడ్డీ తీసేయండి. కింది రంధ్రాన్ని వేలితో మూసి 10 మి.లీ. నింపి, వేలు తీసి, సరిగ్గా 10 సెకన్లకు మళ్లీ మూయండి. 1 మి.లీ. కన్నా తక్కువ మిగిలితే అది నీళ్లలాంటిదే. 1 నుంచి 4 మిగిలితే చిక్కదనంలో ఒకటో మెట్టు, 4 నుంచి 8 అయితే రెండు, 8 దాటితే మూడు, అసలు కారకపోతే నాలుగు. ఏ మెట్టు కావాలో మింగడాన్ని పరీక్షించే స్పీచ్ థెరపిస్టు చెప్పాలి. బెంగళూరులోని నిమ్హాన్స్ ఆసుపత్రిలో అందుకు విభాగం ఉంది. రాగిజావ చల్లారే కొద్దీ చిక్కబడుతుంది కాబట్టి తాగే వేడిలోనే కొలవండి. ఎంగిలి చెంచా మళ్లీ మళ్లీ గిన్నెలో ముంచితే లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైము పిండిని విరగ్గొట్టి జావను పల్చన చేస్తుంది. అందుకే కొంచెం కొంచెంగా వేరే కప్పులోకి వంచుకోవాలి. ద్రవాలను చిక్కబరచడానికి కలిపే జాంథన్ గమ్ పొడికి ఈ ఇబ్బంది లేదు.

చిక్కబరచడం సర్వరోగ నివారిణి కాదు. డిమెన్షియా, పార్కిన్సన్స్ ఉన్న 515 మందిపై అమెరికాలో చేసి 2008లో ప్రచురించిన పరిశోధనలో, చిక్కటి ద్రవాలు తాగినవారికీ, గడ్డం దించి మామూలు ద్రవాలు తాగినవారికీ మూడు నెలల్లో న్యుమోనియా రావడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పైగా చిక్కటివి నచ్చక చాలామంది తక్కువ తాగుతారు, ఒంట్లో నీరు తగ్గుతుంది.

కూర్చునే తీరు ఖర్చులేని మందు. నిటారుగా కుర్చీలో కూర్చోబెట్టి, మీరూ ఎదురుగా అదే ఎత్తులో కూర్చోండి. నిలబడి పెడితే వాళ్లు తల ఎత్తుతారు, గేటు పడటం ఇంకా కష్టమవుతుంది. పైనుంచి ఎత్తిపోసుకుని తాగడం పూర్తిగా మానిపించాలి. సన్నటి కాఫీ గ్లాసు అడుగంటేసరికి తల వెనక్కి వాలక తప్పదు, అందుకే వెడల్పాటి కప్పు మేలు. ఒక్కోసారి ఒక చెంచా, అంటే 5 మి.లీ. మింగారని చూశాకే తర్వాతిది. చివర్లో బుగ్గల్లో మెతుకులు దాగాయేమో చూసి, పళ్లు తోమి, అరగంట కూర్చోబెట్టే ఉంచండి. నోటి సూక్ష్మజీవులు లాలాజలంతో దిగడం న్యుమోనియాకు పెద్ద కారణం.

నెలకోసారి బరువు చూడండి. నెలలో 5 శాతం, ఆరు నెలల్లో 10 శాతం తగ్గితే డాక్టరుకు చెప్పాలి. వ్యాధి బాగా ముదిరాక ముక్కు గొట్టమో పొట్ట గొట్టమో వేస్తే న్యుమోనియా ఆగుతుందని చాలామంది ఆశపడతారు. లాలాజలం, పొట్టలోంచి ఎగదన్నినది అదే క్రాసింగు దగ్గరికి వస్తూనే ఉంటాయి. ఆ దశలో గొట్టం వల్ల ఆయువు పెరిగిన ఆధారాలూ లేవు. అందుకే అమెరికన్ జీరియాట్రిక్స్ సొసైటీ (వృద్ధుల వైద్య నిపుణుల సంఘం) 2014లో గొట్టాన్ని సిఫారసు చేయలేదు, చేత్తో ఓపిగ్గా తినిపించమంది.